రాని రైలుకు న్యాయం

ఒక నగరం పట్టాల మీద కదలాలా, చక్రాల మీద కదలాలా అన్న ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పి బాగుపడిన జాతి చరిత్రలో లేదు. (పట్టాల మీద కదిలేదానికీ చక్రాలుంటాయి కదా అని ఒక పౌరుడు అభ్యంతరం తెలిపాడు. దానిని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు.) అందుచేత లైట్ రైలు మేలా, బస్సు మేలా అన్నది తూచి చెప్పడానికి నగరపాలక సంస్థ ఒక తులనాత్మక రవాణా సంఘాన్ని నియమించింది. దానికి కార్యదర్శిగా, పదవీ విరమణ చేసి ఇంట్లో పత్రికల భాషను ఎర్రసిరాతో సరిదిద్దుకుంటున్న ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయనను ఆఫీసులన్నీ ముసాయిదాగారు అనేవి. ఆయన రాసిన వాక్యంలో కామా కదపడానికి కూడా పై అధికారులు జంకేవారు.

ముసాయిదాగారికి తొలి సమావేశంలోనే ఒక ధర్మసందేహం కలిగింది. బస్సు ఊరంతా తిరుగుతున్నది. రైలు ఇంకా కాగితం మీద కూడా పూర్తిగా లేదు. (ఇంజనీరు గీసిన పటంలో ముందు పెట్టె మాత్రమే ఉన్నది, మిగిలిన పెట్టెలకు కాగితం చాలలేదు.) ఒక పక్షం రోజూ సాక్షుల కళ్ళ ముందు హారను మోగించుకుంటూ తిరుగుతుంటే, నోరూ వాయీ లేని రెండో పక్షానికి న్యాయం జరిగేదెలా? ఆయన ఒక మధ్యాహ్నమంతా ఆలోచించి నిబంధన రాశారు: "పోలికకు వచ్చిన ఉభయ పక్షాలలో ఒకటి హాజరు కాలేని పక్షంలో, సమానత్వ పరిరక్షణ నిమిత్తం రెండవ పక్షము, తత్సంబంధీకులతో సహా, గైర్హాజరు కావలెను."

అధ్యక్షులవారు దానిని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఏం రాశారండీ! రైలంటూ ఉంటే, ఇది విని కళ్ళనీళ్ళు పెట్టుకునేది."

బస్సులను డిపోలలో నిలిపివేయాలని తీర్మానం జరిగింది. 

ఆ సాయంత్రం ముసాయిదాగారి భార్య ఇంటికి వస్తూనే చేతిసంచీ బల్ల మీద పడేసింది. ఆవిడ అక్కగారు పక్షవాతంతో మంచం పట్టి, ఊరికి ఆ చివర ఉంటున్నది. ఇంకెవరు తినిపించబోయినా నోరు తెరవదు. అందుకని చెల్లెలు రోజూ పొద్దున్నే తొమ్మిదో నంబరు బస్సెక్కి వెళ్ళి, పొద్దు వాలేసరికి అదే బస్సులో తిరిగి వచ్చేది.

"ఏమండీ, రేపట్నుంచి బస్సు రాదంటున్నాడు డ్రైవరు. ఎవడో బుద్ధిమంతుడు రూలు రాశాట్ట."

ముసాయిదాగారు కాఫీ కప్పు కిందపెట్టారు. "ఎవడో కాదు, ఎవరో అనాలి" అని సవరించారు.

ఆవిడ ఆయన మొహం కేసి చూసింది. ఆయన చేతిరాత కంటే ఆవిడకు ఆ మొహం తేలిగ్గా అర్థమయ్యేది.

"మీరేనా?"

"బస్సు మీద నాకేం కక్ష లేదోయ్. ఇది సూత్రం. పోటీ అన్నాక రైలు కూడా ఉండాలి కదా."

"ఎక్కడుందీ రైలు?"

"లేదు. అందుకనే."

"పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టేవాళ్ళని చూశాను. పుట్టబోయే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఉన్న పిల్లని వీధిలోకి గెంటేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. అక్కకి అన్నం ఎవరు పెడతారు, మీ సూత్రమా?"

"తాత్కాలికమేనోయ్. పైగా అది లైట్ రైలు. బరువు తక్కువ, పని త్వరగా..."

"తెలుస్తూనే ఉందిలెండి. మమ్మల్నందర్నీ లైట్ తీసుకున్నారు."

తెల్లవారగానే ఆవిడ నాలుగు చీరలు సర్దుకుని, ఆ రోజు అటుకేసి వెళ్తున్న ఎదురింటివారి కారులో అక్కగారింటికి బయలుదేరింది. ముసాయిదాగారు గుమ్మం దాకా వచ్చారు.

"మళ్ళీ ఎప్పుడు రావడం?"

"బస్సొచ్చిన రోజున. ఎప్పుడొస్తుందో మీకే తెలియాలి. పాలు పొంగుతుంటే పక్కన నిలబడండి, ప్రకటన కోసం చూడకండి."

అధ్యయనం నిరాఘాటంగా సాగింది. స్టాపులలో నిలబడ్డవారిని ప్రశ్నించగా, బస్సు రావడం లేదని వారంతా ముక్తకంఠంతో ఫిర్యాదు చేశారు. రైలు ఆలస్యమైందని గానీ, కిక్కిరిసిపోయిందని గానీ, కండక్టరు చిల్లర ఇవ్వలేదని గానీ ఒక్క ఫిర్యాదు రాలేదు. బస్సు ప్రయాణికుల సంఖ్య సున్నాకు చేరింది. రైలు ప్రయాణికుల సంఖ్య కూడా సున్నాయే. అయితే ఇంజనీరు ఈ రెంటికీ గల భేదాన్ని సభ్యులకు విశదీకరించాడు: బస్సుది దిగజారిన సున్నా; రైలుది ఎదగబోయే సున్నా.

సాయంత్రాలు ముసాయిదాగారు భార్యకు ఫోను చేసేవారు.

"వదిన తిన్నదా?"

"తిన్నది. మీరో?"

"భోజనం చేయడం జరిగింది."

"ఏం వండారు?"

"ఏం వండానో అంతు పట్టలేదోయ్. రంగు మాత్రం నలుపు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఇల్లు మరీ పెద్దదైనట్లు ఆయనకు తోచింది. వంటింట్లో దీపం తీయకుండా పడుకోవడం కూడా అప్పుడే అలవాటయింది.

మరుసటి సమావేశంలో ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షా, కనీసం తొమ్మిదో నంబరు బస్సునైనా పునరుద్ధరించవలసిందిగా..."

"ఆ బస్సుతో మీకేమైనా సంబంధముందా?" అన్నారు అధ్యక్షులవారు.

"నా భార్య ఎక్కేది. అది లేక అక్కగారింట్లోనే ఉండిపోయింది."

అధ్యక్షులవారి మొహం వాడిపోయింది. "అయ్యయ్యో! అయితే మీరు బస్సు తరఫు చుట్టమన్నమాట. ముందే చెప్పొద్దుటండీ! 'తత్సంబంధీకులతో సహా' అని మీరే కదా రాశారు. రైలు తరఫు చుట్టాలు కూడా వస్తే తప్ప మీరు మాట్లాడకూడదు."

"రైలుకి ఇంకా చుట్టాలెవరూ లేరండి," అన్నాడు ఇంజనీరు విచారంగా.

ముసాయిదాగారు ఆ నిబంధనలో సందు కోసం వెతికారు. చీమ దూరే సందైనా లేకుండా కట్టారు దానిని. కట్టిన మేస్త్రీ తానే గనుక ఎవరినీ నిందించలేక, ఆయన కుర్చీ తీసుకుని వరండాలోకి వెళ్ళి గైర్హాజరయ్యారు.

చివరకు నివేదిక వెలువడింది. రైలుకు ఖర్చు, బస్సుకు పొగ అన్న దోషాలు సరే. ఆ రెంటిలోనూ సంఘం అంతకంటే మౌలికమైన లోపాన్ని కనిపెట్టింది. దేనిలో వెళ్ళినవారైనా మళ్ళీ తిరిగి వస్తున్నారు. ఇందుకు భిన్నంగా, సంఘంలోనివారి కుటుంబమే ఒకటి, ఇల్లాలిని గమ్యస్థానంలోనే స్థిరపరచి, ప్రయాణమన్న అవసరాన్ని సమూలంగా నిర్మూలించుకున్నది. ఈ మూడవ పద్ధతికి పట్టాలు అక్కరలేదు, డీజిలు అక్కరలేదు. కనుక పౌరులందరూ దీనిని అనుసరించాలనీ, ఆ దంపతులను బహిరంగ సభలో సత్కరించాలనీ సంఘం ఏకగ్రీవంగా సిఫారసు చేసింది.

ముసాయిదాగారు ఫోను చేశారు.

"ఏమోయ్, మనల్ని ఆదర్శ దంపతులుగా ఎంపిక చేశారు. సభ పెడుతున్నారు. ఇద్దరం తప్పకుండా రావాలిట."

అవతల గిన్నెలో చెంచా కదిలిన చప్పుడు వినబడింది.

"రావాలనే ఉందండీ," అన్నది ఆవిడ మెల్లగా. "ఎందులో రమ్మంటారు?"

"అదే, మరి..." అన్నారు ముసాయిదాగారు. ఆ వాక్యాన్ని ఆయన ముగించలేకపోయారు.

సత్కార సభలో వేదిక మీద ఆవిడ కుర్చీ ఖాళీగా ఉన్నది. పథకం నూటికి నూరుపాళ్ళూ విజయవంతమైందనడానికి ఆ ఖాళీ కుర్చీకి మించిన నిదర్శనం ఏముంటుందని అధ్యక్షులవారు మైకులో ప్రశ్నించి, అభ్యంతరమున్నవారు చేతులెత్తాలని కోరారు. ఒక్క చెయ్యీ లేవలేదు. బస్సులు లేనందువల్ల సభకు ఎవరూ రాలేకపోయారు.