నూట ఇరవై ఎనిమిది జీబీల తీర్మానం

ఒక పెద్ద అడవిలో ఎండాకాలానికి ఒకే ఒక్క మడుగు మిగిలింది. అక్కడ గుక్కెడు నీళ్లు తాగాలన్నా అటవీ సభ కార్యాలయం ఇచ్చే చీటీ ఉండాలి. ఏ రోజు చీటీ ఆ రోజుదే. చీటీలు ఇచ్చేది ఒక పాత కంప్యూటరు. దాని ముందు గుమస్తా నక్క కూర్చునేది.

"అయ్యా, మా మంద నాలుక తడిపి మూడు రోజులైంది," అంది ముసలి జింక.

"నన్నేం చెయ్యమంటావమ్మా? దీనికి మెమరీ చాలడం లేదు. నీ పేరు ఎక్కించేలోపే పడుకుంటోంది."

మర్నాడు సభ కూడింది.

"పక్క అడవి కంప్యూటర్లో అరవై నాలుగు జీబీలట!" అన్నాడు మడుగు కాపలాదారు తోడేలు.

"అయితే మనకు నూట ఇరవై ఎనిమిది," అన్నాడు అధ్యక్షుడు ఎలుగుబంటి. చప్పట్లు మోగాయి.

యంత్రాల పని తెలిసిన వడ్రంగిపిట్టను పిలిచారు. అది పెట్టె విప్పి చూసింది.

"స్వామీ, దీనికి మెమరీ ముక్కలు దూర్చే స్లాట్లు రెండే. ఒక్కోటి ఎనిమిదికి మించి మొయ్యదు. రెండు ఎనిమిదులు పెట్టించండి, సాయంత్రానికి అందరికీ చీటీలు వస్తాయి."

"పదహారా? పక్క అడవి వాళ్లు నవ్వరూ?"

"వాళ్ల పెట్టె వేరు స్వామీ."

"చెట్లు తొలుచుకునేదానివి, సభకే బుద్ధులు చెబుతున్నావా? పో!"

వెంటనే ఒక తీర్మానం చేశారు: 'ఈ కంప్యూటరు ఇకమీదట నూట ఇరవై ఎనిమిది జీబీలు స్వీకరించవలెను.' పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టి, తీర్మానాన్ని దాని ఎదుట రెండుసార్లు చదివారు. అది ఒప్పుకున్నట్టే కనబడింది.

"అయ్యా, తెప్పించిన కొత్త మెమరీ ముక్కకు గాడి కలవడం లేదు," అంది నక్క.

"తీర్మానం అయిపోయాక కలవకపోవడమేమిటి?" అని ఎలుగుబంటి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కాడు.

టప్! పెట్టె పొగ వదిలింది, తెర నల్లబడింది. నక్క గుమ్మానికి పలక తగిలించింది: 'మెమరీ పెంచినందున చీటీలు లేవు.'

జింక ఆ పలక చదివింది. మందను వెంటబెట్టుకుని నేరుగా మడుగుకు నడిచింది.

"చీటీ ఏదీ?" తోడేలు అడ్డం వచ్చాడు.

"ఇవాళ ఎవరికీ లేదుగా నాయనా. నీకుందా?"

తోడేలు ఎండిన పెదాలు నాకుకున్నాడు. పొద్దుటి నుంచి అతనూ తాగలేదు. పక్కకు జరిగాడు. మంద కడుపునిండా తాగింది. వెనకే తోడేలూ మూతి పెట్టాడు. చీకటిపడేలోపు అడవి అంతా వచ్చి తాగింది. ఎవరూ తొక్కుకోలేదు, మడుగూ ఇంకిపోలేదు.

సభ మళ్లీ కూడి, తప్పెవరిదో తేల్చింది. 'పదహారే పడుతుందని ముందుగా పలికి యంత్రాన్ని అధైర్యపరచినందుకు' వడ్రంగిపిట్టకు నోటీసు ఇచ్చింది.

నీతి: యంత్రం ఎంత మొయ్యగలదో తెలిసినవాణ్ణి అడగాలి; కుర్చీ నిలబెట్టుకోవాలంటే మాత్రం అడగకూడదు.