వద్దనేదాకా రోజుకో గణపతి

ఇంటి ముందుకు రోజుకో గణపతి రావడం అదృష్టం కాక మరేమిటి? మీలో ఎవరికైనా ఆ భాగ్యం దక్కిందా? జల్‌పల్లిలో ఒక కాలనీకి దక్కింది. ఆ కాలనీవాళ్లేమో దాన్ని పొరపాటు అంటున్నారు. కృతఘ్నులు!

ఈ భాగ్యాన్ని ప్రసాదించినవాడు కిషన్‌బాగ్ అంజన్. ఒక కంపెనీలో వెబ్‌సైట్లు కడతాడు. వాళ్లమ్మ లలితమ్మకు బర్రెలున్నాయి, వాడకట్టంతా తాగేది ఆమె పాలే. అంజన్ మొదట అమ్మ పాల కోసం ఒక సైట్ కట్టాడు. సైట్‌లో "ఎంత కావాలి?" అని అడిగే గడి ఉంటుంది కదా, దాన్నే ఫీల్డ్ అంటారు. ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ సామానుతో పాటు వచ్చే ఫీల్డ్‌తో అందరూ సరిపెట్టుకుంటారు. అంజన్ తనకంటూ ఒకటి తయారుచేసుకుని, పాల వ్యాపారంలోని ఆచారమంతా అందులో కూరాడు. ఒకసారి చెబితే చాలు, వద్దనేదాకా రోజూ వస్తుంది. వద్దనాలంటే లలితమ్మకు ఫోన్ చేయాలి. కిషన్‌బాగ్‌లో పాలు అలాగే పోస్తారు మరి.

పాలకు అది బ్రహ్మాండంగా పనిచేసింది. అంతటితో ఆగితే ఇంజనీర్ ఎలా అవుతాడు? ఒకసారి రాసింది మళ్లీ రాయడం ఆ వృత్తిలో మహాపాపం. ఒక్క ఫీల్డ్ రాయాలి, కనబడ్డ ప్రతి సైట్‌కూ దాన్నే తగిలించాలి. ఎంత ఉన్నతమైన ఆశయం! అది పళ్ల డాక్టర్ సైట్‌కు చేరితే ఎలా ఉంటుందో ఊహించండి. ఒక్క పన్ను పీకమంటే, నోరు ఖాళీ అయ్యేదాకా రోజుకొకటి! ఫంక్షన్ హాల్‌కు చేరితే? పెళ్లికొడుకు రోజూ గుర్రమెక్కాల్సిందే!

కానీ అది ముందుగా ధూల్‌పేట్ చేరింది.

అక్కడ వైకుంఠం గణపతి విగ్రహాలు చేస్తాడు. చవితి దగ్గర పడితే చేతుల నిండా రంగు, చెవి దగ్గర ఫోన్. "ఈ ఫోన్ల లొల్లి పడలేకపోతున్న బిడ్డా, ఏదన్న జెయ్యి" అన్నాడు అంజన్‌తో. అంజన్ ఒక్క పూటలో సైట్ కట్టిచ్చాడు. "ఎన్ని కావాలి?" అన్నచోట తన ముద్దుల ఫీల్డ్‌నే తెచ్చి పెట్టాడు.

"ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు కాకా" అన్నాడు.

వైకుంఠం నిజంగానే ఫికర్ మానేసి రంగుల్లో మునిగిపోయాడు. పొద్దున్నే ట్రాలీ డ్రైవర్ ఫోన్‌లో అడ్రస్ చూసుకుని, విగ్రహం ఎక్కించుకుని పోయేవాడు.

జల్‌పల్లి కాలనీ కమిటీ పెద్ద రామ్‌చందర్ ఆ సైట్‌లో ఒక్క గణపతి కావాలన్నాడు. వచ్చింది. మర్నాడు ఇంకొకటి వచ్చింది. ఇది దేవుడి దయే అని కాలనీ మురిసిపోయింది. ఆ మర్నాడు వచ్చిన గణపతి రామ్‌చందర్ గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. అవన్నీ చిన్న ప్లాట్లు, దేవుణ్ని పక్కకు జరపడానికి చోటేదీ? పాపం, రామ్‌చందర్ గోడ దూకి ఆఫీసుకు పోయాడు. దేవుడు ఇంకా వస్తూనే ఉన్నాడు!

తెల్లవారితే చవితి అనగా వైకుంఠం షెడ్డులోకి తొంగిచూశాడు. సైట్ రాకముందే ఫోన్‌లో ఎందరికో మాటిచ్చాడు, వాళ్లకిద్దామంటే షెడ్డులో విగ్రహాలు లేవు. తాత నాటి నుంచి ఆ ఇంటి మాట తప్పింది లేదు. కళ్లనీళ్లతో అంజన్ ఇంటికి ఉరికాడు.

"మండపాలు ఖాళీగుంటె రేపు నా మొఖం ఎట్ల జూపెట్టాలె? నా నోట్ల మట్టి గొట్టినవ్ గదరా!"

అంజన్ ల్యాప్‌టాప్ తెరిచి చూశాడు. "కోడ్‌ల తప్పేం లేదు కాకా. ఎర్రర్ గూడ రాలే."

అదే సమయానికి విగ్రహాల సైట్‌లో ఆ ఫీల్డ్ అడుగున నంబరొకటి కనబడితే రామ్‌చందర్ దానికి ఫోన్ చేశాడు. లలితమ్మ ఎత్తింది.

"రేపు పాలొద్దా?"

"పాలు గాదమ్మా, గణపతి వద్దు!"

"చవితి ముంగట గా మాటలేంది? లెంపలేస్కో!"

అతను లెంపలేసుకుని సంగతి చెప్పాడు. ఆమె అడిగింది ఒక్కటే. "మొఖాల మీది గుడ్డలు తీసిన్రా?"

తీయలేదు. గుడ్డ తీసి పూజ చేస్తే ఇక నిమజ్జనం దాకా కదిలించకూడదు కదా.

"తీయకున్రి. మా పాల ట్రాలీ పంపుత."

వైకుంఠం ట్రాలీలో కూర్చుని దారి చూపగా, సాయంత్రానికల్లా ఒక్క గణపతి జల్‌పల్లిలో మిగిలి, తక్కినవన్నీ ఎవరి మండపాలకు వాళ్లవి చేరాయి. వైకుంఠం మాట నిలబడింది. అతను కాళ్లకు మొక్కబోతే, ముందు ఛాయ్ తాగమంది లలితమ్మ.

అంజన్ సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? ఇంజనీర్లను మీరు ఎంత తక్కువగా చూస్తారండీ! లోపం ఎక్కడుందో అతను ఇట్టే పట్టేశాడు. ఫీల్డ్‌లో అమ్మ నంబర్ ఉండడమే లోపం! దేశమంతా వాడుకోవాల్సిన ఫీల్డ్‌లో బర్రెల కొట్టం నంబరేమిటి? దాన్ని పీకేసి ఒక మెషిన్ గొంతు పెట్టాడు. రోజూ రావడం మాత్రం అలాగే ఉంచాడు, వ్యాపారులకు అది మస్తు నచ్చింది. కంపెనీలో చప్పట్లు కొట్టారు. ఫీల్డ్ ఊరంతా పాకింది.

మొన్న లలితమ్మ ఒక సైట్‌లో బర్రెలకు దాణా చెప్పింది. ఇక అడగాలా? కొట్టం నిండింది, వాకిలి నిండింది. వద్దని చెబుదామని ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని మెషిన్ ఒక పాట పెట్టింది. పాట అయ్యాక మళ్లీ ఎంతో ముఖ్యం అంది. ఆమె విసిగిపోయి కొడుకు గదిలోకి వెళ్లింది.

"అంజన్, దాణా వద్దురా."

అతను చెవుల్లోని ఇయర్‌ఫోన్స్ తీయలేదు. "సైట్‌ల కంప్లైంట్ వెయ్యి అమ్మా. రెండు రోజుల్ల ఎవరన్న జూస్తరు."

ఆమె దాణా బస్తాల మధ్య నుంచి వాకిట్లోకి వచ్చింది. ఇంతలో చేతిలో ఫోన్ మోగింది. ఎవరికో రేపటి నుంచి పాలు వద్దట.

"అట్లనే బిడ్డా" అంది. "ఊరికి పోతున్రా? ఇంట్ల అందరు మంచిగున్నరా?"