అయిదడుగుల ఖాళీ

శనివారం ఉదయం కాఫీ తాగుతూ కృష్ణమోహన్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఇంటి గోడల చుట్టూ అయిదడుగుల మేర కాలే వస్తువేదీ లేకుండా చేయాలి. పైకప్పు మీద రాలిన ఎండుటాకులు ఊడ్చాలి. మధ్యాహ్నం వచ్చే ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఇల్లు చూపించాలి. ఆ తర్వాత భోంచేసి పడుకోవాలి.

వాళ్ళ ఇల్లు కాలిఫోర్నియాలో, శాక్రమెంటోకి తూర్పున, ఎల్ డొరాడో హిల్స్‌లో ఒక కొండవాలు మీద ఉంది. గృహప్రవేశం రోజున ఆ వాలు చూసి "వ్యూ అదిరింది" అన్నవాళ్ళే ఇప్పుడు దాని మీద ఎండిన గడ్డి చూసి "ఇన్సూరెన్స్ ఉందా?" అని అడుగుతున్నారు. కార్చిచ్చుల భయంతో పాత కంపెనీ పాలసీని రెన్యూ చేయనంది. తర్వాత ప్రయత్నించిన కంపెనీలు ఆ ఊరి జిప్ కోడ్ వినగానే సారీ చెప్పాయి. ఇన్సూరెన్స్ లేకపోతే లోన్ ఇచ్చిన బ్యాంకు ఊరుకోదు. చివరికి రఘు అనే ఏజెంట్ ఎలాగో ఒక కంపెనీని ఒప్పించాడు, ఇల్లు తనిఖీలో పాసవ్వాలన్న షరతు మీద.

"గోడ నుంచి ఫైవ్ ఫీట్ సార్. అదొక్కటి గుర్తుపెట్టుకోండి," అని రఘు ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు. "చెక్క, అట్ట, మొక్క, చివరికి డోర్‌మ్యాట్ కూడా ఉండకూడదు. నిప్పురవ్వ ఎగిరొచ్చి పడితే అంటుకునేది ఏదీ కనపడొద్దు. వీళ్ళు కూడా కాదంటే నా దగ్గర ఇంకో దారి లేదు సార్."

కృష్ణమోహన్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టీమ్‌కి మేనేజర్. రూల్ అంటే అతనికి భక్తి. తెల్లారగానే టేపు పట్టుకుని ఇంటి చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. భార్య త్రివేణి హాస్పిటల్ ఫార్మసీలో డ్యూటీకి బయల్దేరుతూ ఆ గీత దాటి కారెక్కింది.

"గీత లోపల ఉన్నవన్నీ ఎక్కడ పెడతారు?"

"గ్యారేజ్‌లో."

"గ్యారేజ్‌లో కారే పట్టట్లేదు కదండీ," అని ఆవిడ వెళ్ళిపోయింది.

అది నిజమే కాబట్టి కృష్ణమోహన్ అన్నీ మోసుకెళ్ళి డ్రైవ్‌వే చివర, రోడ్డు పక్కన పేర్చాడు. టేకు బెంచీ, ఉయ్యాల బల్ల, చెప్పుల స్టాండు, ప్లాస్టిక్ కుర్చీలు, అట్టపెట్టెలు, మల్లె కుండీలు. కరివేపాకు చెట్టు కుండీని మాత్రం అత్తగారు శేషమ్మ అతని చేతుల్లోంచి లాక్కుంది. "ఇది నేను చూసుకుంటా లెండి," అంటూ దాన్ని లోపలికి దొర్లించుకుపోయింది.

శేషమ్మ తెనాలిలో క్రాఫ్ట్ టీచరుగా చేసి రిటైరై, కూతురి దగ్గరే ఉండిపోవడానికి వచ్చింది. అప్పగించిన పని పూర్తయ్యేదాకా కూర్చునే మనిషి కాదు. ఇంగ్లీషు ఎదుటివాళ్ళు నెమ్మదిగా మాట్లాడితే సగం అర్థమవుతుంది.

"అత్తయ్యగారూ, నేను పైకప్పు మీద ఉంటాను. ఆకులు ఊదే బ్లోయర్ మోతలో నాకేం వినపడదు," అన్నాడు కృష్ణమోహన్. "ఇన్సూరెన్స్ వాళ్ళు ముందే వచ్చినా రావచ్చు. వాళ్ళు ఏమడిగినా యెస్ అనండి. కాలే వస్తువులేవీ గోడ నుంచి అయిదడుగుల లోపల ఉండకూడదని వాళ్ళ రూలు. వాళ్ళకి కోపమొస్తే మనకి ఇల్లుండదు."

"అంతేనా? దానిదేముంది అల్లుడుగారూ, మీరు నిశ్చింతగా ఎక్కండి."

కృష్ణమోహన్ ఫోన్‌ని వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టి, చెవులకి మోత వినపడనివ్వని మఫ్‌లు తగిలించుకుని, నిచ్చెనెక్కి, ఆకులన్నీ రాలే ఇంటి వెనకవైపు కప్పు మీదికి చేరాడు.

అతను బ్లోయర్ ఆన్ చేసిన కాసేపటికే ఇంటి ముందు ఒక పికప్ ట్రక్ ఆగింది. అందులోంచి భార్యాభర్తలు దిగి, రోడ్డు పక్కన పేర్చిన సామాను చుట్టూ తిరిగి చూశారు. శనివారం పూట డ్రైవ్‌వేలో సామాను ఉందంటే ఆ చుట్టుపక్కల దానికి ఒకటే అర్థం. అమ్మకం.

"హౌ మచ్ ఫర్ ది బెంచ్?" అన్నాడాయన.

"యెస్," అంది శేషమ్మ నవ్వుతూ. "టేక్."

ఆయన జేబులోంచి నోట్లు తీశాడు. శేషమ్మ గతుక్కుమంది. తనిఖీకి వచ్చినవాళ్ళు డబ్బు పుచ్చుకోవడం ఆవిడ విన్నదే గానీ, ఇవ్వడం ఎక్కడా వినలేదు. ఇది తమ నిజాయితీకి పెట్టిన పరీక్ష అని ఆవిడకి తట్టింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నో మనీ! నో మనీ!" అంది గట్టిగా.

ఆ దంపతుల కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనసున్న పెద్దావిడకి ఏదైనా సాయం చేయాలనిపించి, ఆయన ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "ఫ్రీ" అని ఇంగ్లీషులో రాసి రోడ్డు వైపు నిలబెట్టాడు. తర్వాత మర్యాదకి అడిగాడు, "ఎనీథింగ్ ఎల్స్?"

శేషమ్మ ఆలోచించింది. గోడ నుంచి అయిదడుగులని అల్లుడు చెప్పాడు. లోపలి నుంచి కొలిచినా గోడ గోడే. సోఫా గోడకి ఆనుకునే ఉంది. డైనింగ్ టేబులూ అంతే. మంచాలైతే తలవైపు గోడకి తగులుతూనే ఉంటాయి. అల్లుడు పాపం బయటి పని ఒక్కటే చేసి, లోపలిది మర్చిపోయాడు.

"యెస్," అంది. "హౌస్. కమ్."

ఆ తర్వాత బండ్లు వరసగా వచ్చాయి. శేషమ్మ గుమ్మంలో నిలబడి స్కూల్లో పిల్లల్ని నడిపించినట్టే అందరినీ నడిపించింది. సోఫా ఒకరు, టేబుల్ ఒకరు, మంచాలు ఒకరు. కర్టెన్లు కూడా గుడ్డే కదా అని తనే విప్పి ఇచ్చింది. బట్టల్ని సూట్‌కేసుల్లో సర్ది, నాలుగు గోడలకీ దూరంగా హాలు నడిమధ్యలో పెట్టింది. పూజామందిరం దగ్గరికి వచ్చిన ఒకాయనకి మాత్రం చేతులు చాచి అడ్డం నిలబడింది. దేవుడి విషయంలో ఇన్సూరెన్స్ వాళ్ళ పెత్తనం చెల్లదని ఆవిడ నమ్మకం.

అదే సమయంలో రేష్మ కూతుర్ని డాన్స్ క్లాసులో దింపడానికి అటుగా వెళ్తోంది. రేష్మ ఆ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. సోఫా, మంచం ట్రక్ ఎక్కడం చూసి ఫొటో తీసింది, "ఫ్రీ" బోర్డు చూసింది, తెరిచిన గుమ్మంలోంచి సూట్‌కేసులు చూసింది. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఫొటో గ్రూపులో పెట్టింది. "కృష్ణమోహన్ గారు వాళ్ళు మూవ్ అయిపోతున్నరు. సామాన్ మొత్తం ఫ్రీగ ఇచ్చేస్తున్నరు. పాపం, ఏమైందో."

ఏమైందో గ్రూపే తేల్చింది. ఒకరు లేఆఫ్ అన్నారు. ఇంకొకరు వాళ్ళ కంపెనీలో మేనేజర్లనే తీసేస్తున్నారని ధ్రువపరిచారు. మూడోవారు, దేవుడు వాళ్ళకి ధైర్యమివ్వాలని కోరుతూ, డైనింగ్ టేబుల్ ఇంకా ఉందా అని అడిగారు.

ఫార్మసీలో త్రివేణికి ముందు రేష్మ ఫోన్ వచ్చింది.

"త్రివేణీ, ఏం ఫికర్ చెయ్యకు. జాబ్‌లు పోతయ్, వస్తయ్. మేమంతా ఉన్నం."

"ఎవరి జాబ్ పోయింది రేష్మా?"

 భార్యకి కూడా చెప్పలేదన్నమాట అనుకుంది రేష్మ. "ఏం లేదులే. మధ్యాహ్నం పులిహోర తీస్కొని వస్తా," అని పెట్టేసింది.

ఆ వెంటనే శాన్ డియేగోలో చదువుతున్న కూతురు నిధి ఫోన్ చేసింది. "మమ్మీ, మనం హౌస్ సెల్ చేశామా? ఎవరో నా బెడ్ ట్రక్‌లో పెట్టారు. గ్రూప్‌లో పిక్ చూశా. నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

త్రివేణి భర్తకి ఫోన్ చేసింది. తీయలేదు. మళ్ళీ చేసింది. తీయలేదు. తెల్లకోటు విప్పకుండానే కారెక్కింది.

ఇక్కడ కృష్ణమోహన్ కప్పు మీద చివరి ఆకు దాకా ఊది, తృప్తిగా బ్లోయర్ ఆపి, దిగడానికి నిచ్చెన కోసం కాలు చాపాడు. కాలికి గాలి తగిలింది. తలెత్తి చూస్తే అతని నిచ్చెన ఒక వ్యాను మీద రోడ్డు మలుపు తిరుగుతోంది. వ్యాను వెనక మరో బండిలో వెళ్తున్న మంచాన్ని కూడా అతను గుర్తుపట్టాడు. పొద్దున దాని మీదే నిద్రలేచాడు.

"హే! స్టాప్! మై బెడ్!" అంటూ కప్పు నడినెత్తికి పాకి బ్లోయర్ ఊపాడు.

ఎదురింటి ముసలాయన కిటికీలోంచి చూశాడు. ఇంటి ముందు జనం హడావిడిగా సామాను తరలిస్తున్నారు. కప్పు మీద ఒక మనిషి కేకలు పెడుతున్నాడు. ఆయన క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేశాడు.

ఫైరింజన్ సైరన్ మోగిస్తూ కొండెక్కింది. ఎండాకాలంలో ఆ శబ్దం వింటే ఆ వీధిలో ఎవరూ కారణం అడగరు. ముందు కార్లలో కుక్కలెక్కాయి, తర్వాత ఫొటో ఆల్బమ్‌లు, తర్వాత మనుషులు. త్రివేణి వచ్చేసరికి వీధంతా ఎదురుగా దిగొస్తోంది. ఆవిడ ఒక్కతే పైకి వెళ్తోంది. 

ఇంటి ముందు నిప్పు లేదు, పొగ లేదు. ఫైర్ వాళ్ళ నిచ్చెన మీంచి కృష్ణమోహన్ మెల్లగా దిగుతున్నాడు. శేషమ్మ వాళ్ళందరికీ మజ్జిగ ఇస్తోంది.

"అమ్మా! ఏమైంది? ఇంట్లో సామానేదీ?"

"మొత్తం ఇచ్చేశానే. ఒక్కదానికి కూడా కాదనలేదు. పాసైపోయినట్టే," అంది శేషమ్మ, చెమట తుడుచుకుంటూ.

ఫైర్ కెప్టెన్ ఇల్లంతా తిరిగి మంటలేవీ లేవని చెప్పేసరికి అసలు ఇన్‌స్పెక్టర్ వచ్చింది. బ్రెండా అనే పొడుగాటి మనిషి, చేతిలో టాబ్లెట్. ఇంటి చుట్టూ సుద్దగీత వెంట నడిచింది. కప్పు చూసింది. ఇంత శుభ్రమైన ఇల్లు తన ఉద్యోగంలో చూడలేదంది. కెప్టెన్ కూడా తలూపాడు. 

బ్రెండా లోపలికి వచ్చింది. ఖాళీ హాల్లో ఆవిడ బూట్ల ప్రతి చప్పుడూ ప్రతిధ్వనితో కలిపి రెండుసార్లు వినిపించింది.

"ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా?"

"మేమే ఉంటున్నాం."

"ఎక్కడ పడుకుంటారు?"

కృష్ణమోహన్ అలవాటు కొద్దీ బెడ్‌రూమ్ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ కార్పెట్ మీద నాలుగు మంచంకోళ్ళ గుర్తులున్నాయి. బ్రెండా బాత్‌రూమ్ తలుపు తీసింది. స్నానాల తొట్టిలో కరివేపాకు చెట్టు నిలబడి ఉంది. మనుషులు స్నానం చేసే ఇంట్లో తొట్టిలో చెట్టు ఉండదని ఆవిడ గ్రహించి, ఫొటో తీసుకుంది. సరిగ్గా అప్పుడే రేష్మ పులిహోర గిన్నెతో వచ్చి, సూట్‌కేసుల మధ్య నిలబడ్డ త్రివేణిని కావలించుకుని, "ఫేర్‌వెల్ పార్టీ లేకుంట ఎట్ల పోనిస్తం?" అంది. ఆ వాక్యంలో బ్రెండాకి కావలసిన మాట బ్రెండాకి అర్థమైంది.

మంట భయం ఈ ఇంటికి ఏ మాత్రం లేదని ఆవిడ మర్యాదగానే చెప్పింది. కానీ మనుషులు కాపురముండని ఇంటికి వాళ్ళ కంపెనీ ఈ పాలసీ ఇవ్వదు. వచ్చే శనివారం మళ్ళీ వస్తానంది. అప్పటికి ఎవరైనా ఉంటే మాట్లాడుకోవచ్చట.

అందరూ వెళ్ళిపోయాక శేషమ్మ ఒక సూట్‌కేసు మీద కూర్చుంది. జరిగింది త్రివేణి విడమరిచి చెప్పింది. "బంగారం లాంటి సంసారాన్ని రోడ్డు మీద పంచిపెట్టాను. నన్ను తెనాలి పంపించేయండి అల్లుడుగారూ," అంది శేషమ్మ. 

"అమ్మ తప్పేముంది?" త్రివేణి భర్త వైపు తిరిగింది. "ఏమడిగినా యెస్ అనమన్నది ఎవరండీ?"

కృష్ణమోహన్ కింద కూర్చున్నాడు. కూర్చోవడానికి ఇంకేమీ లేదు. అతనికి కోపం రావాలి, వస్తుందేమోనని కాసేపు చూశాడు కూడా. కానీ పాతికేళ్ళ ఉద్యోగంలో, చెప్పింది చెప్పినట్టు చేసినదాన్ని అతను ఎప్పుడూ తప్పు పట్టలేదు. చెప్పినవాడి దగ్గరికే వెళ్ళి అడిగేవాడు.

"ఇన్‌స్ట్రక్షన్ నాదే అత్తయ్యగారూ," అన్నాడు. "మీరు పూర్తిగా చేశారు. నా టీమ్‌లో ఒక్కరు కూడా ఇంత పూర్తిగా చేయరు. తెనాలి సంగతి తర్వాత, ముందు ఆ పులిహోర పెట్టండి, ఆకలేస్తోంది."

ముగ్గురూ కార్పెట్ మీద కూర్చుని తిన్నారు.

నిజం తెలిసిన రేష్మ గ్రూపులో ఇంకో మెసేజ్ పెట్టింది. ఊళ్ళో తెలుగువాళ్ళంతా కదిలారు. ప్రతి ఇంట్లోనూ పారేయడానికి మనసొప్పని పాత సోఫా ఒకటి ఉంటుందని ఆ వారంలో తేలింది. గురువారానికి హాల్లో సోఫాలు మూడయ్యాయి. శుక్రవారానికి మంచాలు మనుషుల కంటే ఎక్కువయ్యాయి. శనివారం బ్రెండా వచ్చి, వాటి మధ్య పక్కకి తిరిగి నడుస్తూ, ఇక్కడ కచ్చితంగా మనుషులుంటున్నారని ఒప్పుకుని పాలసీ ఖాయం చేసింది.

ఆ సాయంత్రమే ఎదురింటి ముసలాయన తలుపు తట్టాడు. వెనకాల మరో ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్ళున్నారు. కృష్ణమోహన్ క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాడు. ముసలాయన వినలేదు. తమ ఇళ్ళకీ తనిఖీలు వస్తున్నాయట. గోడల పొడవునా, గ్యారేజ్ నిండా ఏళ్ళ తరబడి పేరుకున్న సామానుందట. ఆయన పారేద్దామంటే భార్య పారెయ్యనివ్వదు, ఆవిడ పారేద్దామంటే ఆయనకి చేతులు రావు. చుట్టుపక్కల ఇళ్ళన్నిట్లోనూ అదే గొడవ.

"మీ అత్తగారు ఒక శనివారం మా ఇంటికి రాగలరా?" అని ఆయన దీనంగా అడిగాడు.

నవంబరు దాకా శేషమ్మకి శనివారాలు ఖాళీ లేవు.