ఇరవై ఏడో కందెన

ఆ రోజు ఉదయం మినెగిషి చినాత్సు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఏడింటికి తిండి, ఏడున్నరకు రైలు, తొమ్మిదికల్లా సోయా గింజలు పులియబెట్టి మిసో ముద్ద చేసే కంపెనీ ఉన్న వీధి మలుపు, పదింటి ఇంటర్వ్యూకు సరిగ్గా పది నిమిషాల ముందు గుమ్మం. పదిహేను నిమిషాల ముందు వెళితే అవతలివాళ్ళను తొందరపెట్టినట్టట, అయిదు నిమిషాల ముందు వెళితే మనకు శ్రద్ధ లేనట్టట. అలాగని పుస్తకంలో ఉంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళ కోసం ఎవరో పుణ్యాత్ముడు రాసిన ఆ పుస్తకాన్ని చినాత్సు అట్ట ఊడిపోయేదాకా చదివింది.

అయినా భయం తగ్గలేదు. వసంతకాలం నుంచి ఇప్పటిదాకా ముప్పై ఒక్క కంపెనీలు ఆమెను వద్దన్నాయి. వద్దని మొహం మీద అనవుగా, 'మీ భవిష్యత్తు బాగుండాలని ప్రార్థిస్తున్నాము' అని ఉత్తరం రాస్తాయి. ముప్పై ఒక్క కంపెనీలు కట్టగట్టుకుని ప్రార్థిస్తున్నా ఆమె భవిష్యత్తు ఒక్క అంగుళం కదల్లేదు. చూస్తూండగానే నవంబరు వచ్చేసింది. మార్చిలో చదువు అయిపోయేలోగా ఉద్యోగం దొరక్కపోతే అంతే సంగతులు. కంపెనీలకు ఏ ఏటి పిల్లలు ఆ ఏడే కావాలి, కిందటేటి పిల్లంటే నిన్నటి చేపను చూసినట్టు చూస్తారు. ఈ ముప్పై రెండోదే యమగాత ఊళ్ళో ఆమెకు మిగిలిన ఆఖరి కంపెనీ.

"సూపు తాగు. వాళ్ళ మిసోతోనే కాచాను. రుచెలా ఉందని అడిగితే నీళ్ళు నమలక్కర్లేదు," అంది తల్లి.

"వద్దమ్మా, తెల్ల చొక్కా మీద ఒలుకుతుంది."

"ఒలికితే తుడుచుకోవచ్చు. చేతిరుమాలు పెట్టుకున్నావా?"

"ఇస్త్రీ చేసి మరీ పెట్టుకున్నా."

"దరఖాస్తు?"

"కవర్లో పెట్టి అంటించేశా. ఇంక తెరవకూడదు."

ఆ దరఖాస్తును ఆమె చేత్తో పదకొండుసార్లు రాసింది. ఒక్క గీత తప్పినా దిద్దకూడదు, మొదటినుంచి మళ్ళీ రాయాల్సిందే. దాని మీద అంటించిన ఫోటో కోసం స్టూడియో అతను ఓ గంట కష్టపడి ఆమె పుట్టుమచ్చ చెరిపేసి, కనుబొమలు సమం చేసి, గడ్డం నున్నగా దిద్దాడు. "ఇప్పుడు చక్కగా అందరిలా ఉన్నారు!" అని మెచ్చుకున్నాడు కూడా.

మలుపు దగ్గర కాఫీ కొట్లోకి వెళ్ళేసరికి, అక్కడ అప్పటికే ముగ్గురు అమ్మాయిలు నక్కి ఉన్నారు. ముగ్గురికీ అదే నల్ల సూటు, అదే తెల్ల చొక్కా, వెనక్కి బిగించిన అదే జుట్టు, నేల మీద పెడితే తనంతట తాను నిలబడే అదే నల్ల సంచి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. పలకరింపుకు వెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక కూర్చున్నవాళ్ళలా గడియారం వంక చూస్తున్నారు. పక్క కుర్చీలో అమ్మాయి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. తొమ్మిదీ నలభై ఎనిమిదికి చినాత్సు దిగ్గున లేచి, కాళ్ళ దగ్గరున్న సంచి అందుకుని బయట పడింది.

కంపెనీ గుమ్మం బయట, పడుతున్న మంచులోనే కోటు విప్పి, లోపలి పక్క బయటికి వచ్చేలా మడిచి చేతి మీద వేసుకుంది. అదీ పుస్తకంలో ఉన్నదే. ముందు గదిలో ఉద్యోగిని ఫోన్లో మాట్లాడుతూ, కవరు పళ్ళెంలో పెట్టి కూర్చోమని సైగ చేసింది. చినాత్సు సంచి పక్క అరలోంచి కవరు తీసి, రెండు చేతులతో పెట్టి, కూర్చుంది. అంత చలిలోనూ నుదుటి మీద చెమట పట్టింది. రుమాలు కోసం సంచి తెరిచింది.

రుమాలు నిండా ఆక్టోపస్ బొమ్మలున్నాయి.

ఆమె రుమాలు తెల్లది. ఈ సంచి ఆమెది కాదు. పళ్ళెంలో పెట్టిన కవరూ ఆమెది కాదు! పరిగెత్తి కవరు తెచ్చుకుందామని లేవబోయేసరికి పళ్ళెం ఖాళీగా ఉంది, ఎదురుగా హనావా అనే నియామకాల అధికారి ఆ కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కువబారా ఇకుమి గారూ!"

గదిలో ఉన్నది ఆమె ఒక్కతే. పిలిచిన క్షణంలో, ఉత్సాహంగా పలకాలని పుస్తకంలో ఉంది.

"వస్తున్నానండీ!" అంది చినాత్సు నోరు. చినాత్సుని అడగలేదు.

హనావా తలుపు తీసి పట్టుకున్నాడు. భయంలో ఆమె ఆ తెరిచి ఉన్న తలుపు మీదే మూడుసార్లు తట్టి లోపలికి వెళ్ళింది. బల్ల వెనక కంపెనీ పెద్దాయన తోగాషి కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, చేతులు మాత్రం మిసో పీపాలు దొర్లించిన చేతులు.

"మీ గురించి చెప్పండి," అన్నాడు హనావా.

పేరు చెబితే చిక్కు. అందుకని పేరు మింగేసి నేరుగా పుస్తకంలోని ముక్క అందుకుంది. "నేను బండి ఇరుసుకు కందెన లాంటిదాన్నండీ. నలుగురి మధ్యా రాపిడి లేకుండా..."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. "ఈ కందెన ఎన్నోది, హనావా?"

"ఇరవై ఆరోదండి."

"మనది మిసో కంపెనీయా, బళ్ళ కొట్టా?" అని విసుగ్గా దరఖాస్తు తిప్పాడు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగిపోయింది. "ప్రత్యేక నైపుణ్యం, పంజా కుస్తీ. ఆరేళ్ళుగా ఓటమి లేదు! ఏమ్మా, ఈ చేతులతోనేనా?"

చినాత్సు తన చేతుల వంక చూసుకుంది. జాడీ మూత తియ్యాలన్నా తల్లిని పిలిచే చేతులవి.

"అది... అప్పుడప్పుడూ..."

"రామ్మా, రా!" పెద్దాయన కోటు విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఈ పేటలో నన్ను పడేసినవాడు లేడు. హనావా, ఆ టీ కప్పులు జరుపు."

టీ ఎప్పుడు తాగాలో పుస్తకంలో ఉంది, కుర్చీకి ఏ పక్క నిలబడాలో ఉంది. పెద్దాయన పంజా చాస్తే ఏం చెయ్యాలో మాత్రం లేదు. ఆయన అరచేతిలో ఆమె చెయ్యి మునిగిపోయింది. అది ఎంత వణికిందంటే బల్ల కదిలి కప్పులు గలగలమన్నాయి.

"ఇదేం పట్టమ్మా, మోటారులా ఉంది!"

"అదో ఎత్తేమోనండి," అన్నాడు హనావా, పెద్దాయనకు జాగ్రత్త చెబుతున్నట్టు. "ఒకటి... రెండు..."

ఓడిపోతే ఎవరో కువబారా ఆరేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. ఆ అమ్మాయి ఉద్యోగమూ పోతుంది, తనదీ పోతుంది. చినాత్సుకి ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను కువబారాని కాదండీ!"

ఇక ఆగలేదు. సంచి సంగతి, ఆక్టోపస్‌ల సంగతి, పదకొండు దరఖాస్తులు, ముప్పై ఒక్క ప్రార్థనలు, అన్నీ వరసగా బయటికొచ్చాయి. "నాకు చచ్చేంత భయంగా ఉందండీ! మీ మిసో సూపు కూడా తాగలేదు. మీరడిగితే తాగానని అబద్ధం చెబుదామనుకున్నా!"

పెద్దాయన ఆమె చెయ్యి వదల్లేదు. ఇంతలో తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. కాఫీ కొట్లో పక్క కుర్చీలో కూర్చున్న భుజాలు వెడల్పాటి అమ్మాయి లోపలికి వచ్చి నడుము వంచింది. చినాత్సు సంచిలో దొరికిన కవరు పళ్ళెంలో పెట్టి, ముందు గది ఉద్యోగిని దాని మీది పేరు పిలవగానే ఉత్సాహంగా పలికి వచ్చిందామె. అదే పుస్తకం ఆమె కూడా చదివింది.

"మినెగిషి చినాత్సు అండీ! నేను బండి ఇరుసుకు కందెన లాంటి..."

"ఇరవై ఏడు," అన్నాడు హనావా.

తన పేరు గుమ్మంలో నిలబడి దండం పెడుతుంటే చినాత్సుకి ఒక్క క్షణం తానెవరో తనకే అనుమానం వచ్చింది. పెద్దాయన రెండో కవరు తెప్పించి, రెండు దరఖాస్తుల ఫోటోలూ ఊడదీసి పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇందులో ఎవరు ఎవరు, హనావా?"

హనావా కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "రెండూ ఒకరివేనేమోనండి."

పెద్దాయన ఇద్దరినీ కూర్చోబెట్టాడు. అసలు కువబారా ఆయన చేతిని మూడు క్షణాల్లో బల్లకేసి పడగొట్టింది. ఆయన మణికట్టు రుద్దుకుంటూ మురిసిపోయాడు. చినాత్సుకి ఓ గిన్నెడు సూపు తెప్పించి ఇచ్చాడు.

"ఎలా ఉంది? పుస్తకంలో ముక్క చెప్పకు."

"కొంచెం... ఉప్పెక్కువైందండీ," అంది చినాత్సు, బతుకు ఇక్కడితో ముగిసిందనుకుంటూ.

పదో రోజున కవరు వచ్చింది. తెరిచే ధైర్యం లేక తల్లి చేతికిచ్చి, చినాత్సు తలుపు చాటున నిలబడింది.

"ప్రార్థిస్తున్నామని ఎక్కడా లేదేమే?"

"లేదా? సరిగ్గా చూడమ్మా!"

"లేదే! ఏప్రిల్ ఒకటిన వచ్చి చేరమన్నారు!"

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఉత్తరం అడుగున ఇంకో మాటుంది. 'మీ ఫోటో తిరిగి పంపుతున్నాము. గుర్తింపు కార్డు కోసం మీ సొంత ముఖం ఉన్నది ఒకటి పంపగలరు.' ఉత్తరాన్ని కాలం చేసిన తాతగారి పూజాపీఠం ముందు పెట్టి గంట మోగించారు. ఫోటోను తల్లి అలమరా అద్దానికి అంటించి, వచ్చినవాళ్ళందరికీ 'మా అమ్మాయి' అని చూపించింది.

అది కువబారా ఫోటో అని కనిపెట్టడానికి చినాత్సుకే మూడు రోజులు పట్టింది.