పసుపు రాసిన రాయికి ఆరు ఫోటోలు

మంగళవారం పొద్దున్న బుల్లమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి టీ తాగాలి. ఎనిమిదింటికి పగిలిన గ్రైండరు కంపెనీ వాడి మొహాన కొట్టాలి. తొమ్మిదింటికి మంచిది తెచ్చుకుని పప్పు నానబోయాలి. టీ వరకు అంతా సవ్యంగానే జరిగింది.

ఒడిశా బరంపురంలో గోసాని నువాగాం పేట వాళ్లకి బుల్లమ్మ వడియాల సంగతి చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్లు రుబ్బురోలు మీదే పిండి రుబ్బింది. పోయిన ఏడాది కుడి భుజం పట్టేసింది. రోలు ముట్టుకుంటే చెయ్యి పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు. అందుకని దాచుకున్నదంతా పెట్టి ఫోనులో గ్రైండరు తెప్పించుకుంది. గంజాంలో పద్మావతి గారింట్లో పెళ్లి. వచ్చే గురువారానికి ఎనిమిది కిలోల గుమ్మడి వడియాలు అందాలి. వడియానికి మూడు ఎండలు తగలాలి. అంటే వచ్చే సోమవారం పొద్దున్నకి పిండి రుబ్బకపోతే పని అయిపోయినట్టే.

పద్మావతి ముందే చెప్పేసింది. "నువ్వు ఇవ్వలేకపోతే ప్యాకెట్లు కొనేస్తాం బుల్లమ్మా. తరవాత నన్ను అనకు."

ప్యాకెట్టు వడియం ఒక్కసారి ఆ గడప దాటి లోపలికెళ్తే బుల్లమ్మ ఇక బయటే. అరువు తెచ్చుకుందామంటే వీధిలో ఉన్నవి రెండు మిక్సీలు. ఒకదాంట్లో వెల్లుల్లి వాసన, రెండోదాంట్లో ఎండుచేపల వాసన. రెండూ పెళ్లికి పనికిరావు.

గ్రైండరు ముందురోజు, సోమవారం సాయంత్రమే వచ్చింది. రెండు రాళ్లు, ఒక స్టీలు గిన్నె, కింద మోటారు. కొత్త రాయి ఇంటికొస్తే పసుపు రాయకుండా పప్పు వేసే ఆడది ఆ వీధిలో లేదు. బుల్లమ్మ రెండు రాళ్లకీ నిండా పసుపు పూసి, మూడేసి కుంకుమ బొట్లు పెట్టి, మందారపువ్వు పెట్టి, హారతిచ్చి దండం పెట్టుకుంది. పొద్దున్న నీళ్లు పోసి తుడుస్తుంటే ఒక రాయి మీద పైనుంచి కిందికి పసుపుపచ్చ గీత కనిపించింది. గోరు పెట్టి గీకితే గోరు లోపలికి దిగింది. అది గీత కాదు, పగులు. పసుపు అందులోకి దిగి కూర్చుంది.

ఎనిమిదింటికి పక్కింటి వేంకటరమణమూర్తి మాస్టారి అరుగు ఎక్కింది. ఆయన ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఇంగ్లీషు వచ్చు. ఫోను రాదు. రాదన్న సంగతి ఆయనకి ఇంకా తెలియదు.

"ఏటంటన్నాడు మాస్టారూ? మరోటి ఇస్తాడా?" అంది బుల్లమ్మ, ఫోను ఆయన చేతికిచ్చి.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఆరు ఫోటోలు పెట్టమంటున్నాడు. నాలుగు పక్కలవీ నాలుగు, లోపం కనిపించేది ఒకటి, చీటీ ఉన్న డబ్బాది ఒకటి. మూడుసార్లు అవకాశం. మూడోసారి కూడా కాదన్నాడంటే ఇక అడక్కూడదట."

పగిలిన రాయి పంపడానికి కంపెనీకి ఒక్క ఫోటో కూడా అక్కర్లేకపోయింది. పగిలిందని చెప్పడానికి మాత్రం మనిషికి ఆరు కావాలి. ఈ న్యాయం ఎవరు రాశారో గానీ వాడు జన్మలో పిండి రుబ్బి ఉండడు.

"ఫోటోలు పెళ్లిచూపులకి. న్యాయానికి అర్జీ ఉండాలి," అన్నారు మాస్టారు. "ఆరు అడిగాడు కదా, ఆరు పేజీలు రాస్తాను."

రాశారు. మొదటి పేజీలో బుల్లమ్మ పరిచయం, రెండో పేజీలో రాయి పరిచయం, మూడో పేజీలో వ్యాపారస్తుడి ధర్మం, నాలుగు, ఐదు పేజీల్లో మందలింపు, ఆరో పేజీలో సంతకం, తేదీ. ఒక్కో పేజీకీ ఒక్కో ఫోటో తీసి పంపారు. రెండు నిమిషాల్లో జవాబు వచ్చేసింది. ఫోటోల్లో వస్తువు కనిపించలేదు, తిరస్కరించాం.

మాస్టారు గడియారం చూసుకున్నారు. "రెండు నిమిషాల్లో ఆరు పేజీలు ఎవడూ చదవలేడు," అన్నారు. "వాడు చదవలేదు బుల్లమ్మా."

"పోన్లెండి బాబూ, సదువురానోడేమో. అడిగినట్టే ఇద్దారి."

అడిగినట్టే ఇవ్వడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఫోటో అంటే మనిషి మంచి చీర కట్టుకుని నిలబడడం అని బుల్లమ్మకి చిన్నప్పటినుంచి తెలుసు. బరంపురం పట్టుచీర తీసి కట్టింది. రాయిని చంటిపిల్లలా ఎడమచేత్తో ఎత్తుకుంది. మాస్టారు ఎదురుగా, కుడి పక్కన, ఎడమ పక్కన, వెనకనుంచి నాలుగు తీశారు. వెనకనుంచి తీసినదాంట్లో బుల్లమ్మ కొప్పు తప్ప ఏమీ లేదు. ఐదో ఫోటో పగులుది. అది బాగానే వచ్చింది, పసుపుపచ్చగా.

ఆరోది డబ్బా. డబ్బా పెరట్లో ఉంది. అందులో బుల్లమ్మ కోడి నిన్న సాయంత్రమే గుడ్లు పొదగడానికి ఎక్కి కూర్చుంది.

"దాన్ని లేపు," అన్నారు మాస్టారు.

"పొదిగే కోడిని లేపుతారేటండి? పాపం కాదేటి? చీటీ బయటికే ఉంది కదా. దాన్ని ఉండనియ్యండి, మీరు తియ్యండి."

తీశారు, పంపారు. ఈసారి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది: రాయి మీద మరకలున్నాయి, వస్తువు వాడినట్టు కనిపిస్తోంది, తిరస్కరించాం. రెండోది: మా యాప్‌లో ప్రాణమున్న జంతువులను అమ్మడం నిషేధం, ఇది మీకు హెచ్చరిక.

"నాను కోణ్ణి అమ్ముతున్నానని ఎవులు సెప్పినారు?"

"దాన్ని వదిలెయ్. వాడిన వస్తువంటున్నాడు, అది చూడు."

"వాడలేదు బాబూ. పూజ సేసినాను. ఆ మాటే రాయండి."

మాస్టారు కిందికీ పైకీ వెతికారు. రంగు నచ్చలేదు, సైజు సరిపోలేదు, మనసు మారింది, ఇలా పదకొండు కారణాలున్నాయి. వేరేది అన్న కారణం లేదు. పూజ చేశాను అన్నది అసలే లేదు. "ఇందులో అది లేదు బుల్లమ్మా. మనసు మారిందని నొక్కనా?"

"నా మనసు మారలేదు. రాయే పగిలింది."

ఇక మిగిలింది ఒక్క అవకాశం. బుల్లమ్మ ఆ సాయంత్రం చింతపండు పెట్టి రాయిని తోమింది. పసుపంతా పోయింది, పగుల్లోది తప్ప. బుధవారం పొద్దున్న రాళ్లు, మోటారు, గిన్నె రిక్షాలో వేసుకుని, డబ్బాలోంచి కోడిని గుడ్లతో సహా బుట్టలోకి మార్చి, కోడికి క్షమాపణ చెప్పి, డబ్బాతో సహా రవికాంత్ స్టూడియోకి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం పెళ్లిళ్లు రవికాంత్ తీసినవే. మాస్టారు కాయితం మీద షరతులన్నీ రాసిచ్చారు: తెల్లటి వెనకతెర, మనిషి ఉండకూడదు, కోడి ఉండకూడదు.

రవికాంత్ కాయితం చదివి బుల్లమ్మ వైపు చూశాడు. "పిన్నీ, రాయికా ఫోటో?"

"రాయికే. బాగా కనబడాల. ఇదే ఆఖరిసారి. ఇది తప్పితే నా బతుకు ప్యాకెట్లోళ్లకి ఎల్లిపోద్ది."

"హఉ హఉ," అన్నాడు రవికాంత్, ఒడియాలో సరేనంటూ. "నువ్వు నిశ్చింతగా ఇంటికెళ్లు. నా చేతిలో పడ్డది బాగా రాకుండా పోయిందా ఎప్పుడైనా?"

అది నిజమే, చిక్కంతా అక్కడే వచ్చింది. రవికాంత్ రెండు పక్కలా లైట్లు పెట్టాడు. రాయిని కాస్త ఓరగా తిప్పాడు. ఫోటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే రాయికి ఒక పక్కన పసుపుపచ్చ గీత కనిపించింది. పెళ్లికూతుళ్ల మొటిమలు, పెళ్లికొడుకుల గాట్లు, మామగార్ల పులిపిర్లు చెరిపిన చెయ్యి అది. అది పగులని ఎవరూ చెప్పలేదు, అడక్కుండానే గీత చెరిపేసింది. పనిలో పని, రాయికి కొంచెం నిగారింపు కూడా తెచ్చాడు. బుల్లమ్మ వదిలి వెళ్లిన ఫోనులోంచి ఆరూ అతనే యాప్‌కి పంపించాడు.

ఐదు నిమిషాల్లో జవాబు. ఫోటోలు స్పష్టంగా ఉన్నాయి, వస్తువు శుభ్రంగా, వాడకుండా ఉంది, ఆమోదించాం, శుక్రవారం మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, అతను పాతది తీసుకున్నాక కొత్తది బయల్దేరుతుంది.

పగిలిందని తిరిగిస్తున్న రాయిని పగల్లేదు కాబట్టి తీసుకుంటామన్నారు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. బుల్లమ్మ రవికాంత్‌కి పావుకిలో పాత వడియాలు ఇచ్చింది. మాస్టారు, ఆఖరికి తన అర్జీయే పనిచేసిందని వీధిలో నలుగురికీ చెప్పుకున్నారు.

శుక్రవారం పదకొండింటికి కంపెనీ పంపిన వీరన్న వచ్చాడు. గిరిసోల ఊరి మనిషి, నలభై ఏళ్లు దాటాయి, బండికి రెండు పక్కలా సంచులు. "మావుసీ, గ్రైండరు రిటర్ను ఇదేనా?" అన్నాడు. పిన్నిని ఒడియాలో పిలిచే పిలుపు అది. ఆ ఊళ్లో పిల్లా పెద్దా అందరికీ అదే వాడుక.

"ఇదే నాయనా. ఏగిరం తీసుకుపో. కొత్తది ఎప్పుడొస్తాది?"

"నేను స్కాన్ సేసిన రెండు రోజులకి. ఉండు, సూడాల." వీరన్న తన ఫోనులో ఒక ఫోటో తెరిచాడు. రాయిని చూశాడు. ఫోటో చూశాడు. మళ్లీ రాయిని చూశాడు. "మావుసీ, ఇది ఆ రాయి కాదు."

"కాకపోతే మరేటి?"

"ఫోటోలో రాయికి పగులు లేదు. దీనికి ఉంది. మంచిది లోపల దాసుకుని పగిలింది ఇస్తన్నావేటి?"

బుల్లమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "ఓరి నాయనా, పగిలింది కాబట్టే కదరా ఇస్తన్నాను. పగలకపోతే నీకెందుకు ఇస్తాను?"

"అది నాకు తెలీదు. నా ఫోను పగల్లేదంటంది. ఇది నేను పట్టుకెళ్తే దార్లో నేనే పగలగొట్టానంటారు. పోయిన నెల ఒక కుర్చీ కాలు ఇరిగితే ఆ తప్పు నా మీద పడింది. ఇంకా తేల్లేదు."

మాస్టారు అరుగు దిగి వచ్చారు. రవికాంత్‌కి ఫోను చేశారు. స్పీకరులో రవికాంత్ గొంతు గర్వంగా వినిపించింది. "గీతా? ఆఁ, ఉండింది మాస్టారూ. తీసేశాను కదా. ఎంత నీటుగా తీశానంటే కనిపెట్టలేరు."

బుల్లమ్మ వేలితో పగులు తడిమి చూసింది.

"అతనికి చెప్పి మళ్లీ గీత పెట్టించలేమా?" అన్నారు మాస్టారు, ముప్పై నాలుగేళ్లు పిల్లలకి నిజమే రాయమని చెప్పిన మనిషి.

"అవన్నీ మీరూ మీరూ సూసుకోండి," అని వీరన్న బండెక్కబోయాడు. "తీసుకోనని నొక్కేస్తన్నాను."

బుల్లమ్మకి కళ్లముందు గంజాం పెళ్లి పందిట్లో ప్యాకెట్లు కనిపించాయి. వెళ్లి బండికి అడ్డంగా నిలబడింది. "నువ్వు ఎల్లవు. రాయి నీ సంచిలో పడితేగానీ ఎల్లవు. కావాలంటే నా మీదనుంచి తొక్కించుకుపో."

"మావుసీ, నా పొట్ట కొట్టకు."

"నా పొట్ట ఎవులు కొట్టినారో కంపెనీవోణ్ణి అడుగు." రాయి ఎత్తి అతని సంచిలోకి తోసింది. అతను బయటికి తోశాడు. ఆమె మళ్లీ తోసింది. పాడైన భుజం సరిగ్గా అప్పుడే కలుక్కుమంది. రాయి జారింది. మాస్టారు కాలు వెనక్కి తీసుకున్నారు. రాయి మెట్టు మీద పడి పాత పగులు వెంటే రెండు ముక్కలైంది. లోపల ముఖాలు రెండూ పసుపుపచ్చగా ఉన్నాయి.

వీరన్న ముక్కల పక్కన చతికిలబడ్డాడు. "అయిపోయింది. ఇది కూడా నా మీదే."

బుల్లమ్మ ముక్కల్ని చూసింది, వీరన్నని చూసింది. "నీ మీద ఎందుకు పడనిస్తాను? నీ సెయ్యి తగిలిందని ఎవులికీ సెప్పను. లోపల పసుపు సూడు. పడకముందే పగిలిందని రాయే సెప్తంది." ఫోను తీసింది. ఇందాక వీరన్న తీసుకోనని నొక్కడంతో అందులో కొత్త ప్రశ్న వచ్చి ఉంది, మాస్టారు చదివారు: ఇంకో ఫోటో జత చేస్తారా? లైట్లు లేవు, తెర లేదు, పట్టుచీర లేదు. నిలబడ్డచోటే ఒకటి తీసి పంపింది. అందులో రెండు రాతిముక్కలు, మాస్టారి చెప్పు, వీరన్న మోకాలు, బుట్టలోంచి లేచి చూడ్డానికొచ్చిన కోడి, పక్కగా బుల్లమ్మ బొటనవేలు ఉన్నాయి.

నిమిషం గడవలేదు. మాస్టారు చదివారు. "నష్టం స్పష్టంగా కనిపిస్తోంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. కొత్తది పంపుతున్నాం. పాతది తిరిగి ఇవ్వనక్కర్లేదు."

"అంటే నేను ఏటీ తీసుకెళ్లక్కర్లేదా?" అన్నాడు వీరన్న.

"వడియాలు తీసుకెళ్లు," అంది బుల్లమ్మ.

ఆదివారం కొత్త గ్రైండరు వచ్చింది. వీరన్నే తెచ్చాడు. డబ్బా విప్పకముందు పది ఫోటోలు, విప్పాక ఇరవై రెండు ఫోటోలు తీశాకే బుల్లమ్మ రాయి ముట్టుకుంది. గోరు పెట్టి అంతా గీకి చూసింది. తరవాతే పసుపూ కుంకుమా పట్టుకొచ్చింది. సోమవారం పొద్దున్న పిండి రుబ్బింది. ఎండ కూడా మాట నిలబెట్టుకుంది.

బుధవారం సాయంత్రం గంజాం నుంచి పద్మావతి ఫోను చేసింది. "ఎండాయా బుల్లమ్మా? ఏదీ, ఒక ఫోటో పంపు చూస్తాను."

ఫోటో అనగానే బుల్లమ్మకి ఇప్పుడు భయం లేదు. డాబా ఎక్కి, మడతమంచం మీద పరిచిన వడియాల్ని తీసి క్షణంలో పంపేసింది. పద్మావతి వెంటనే మళ్లీ చేసింది.

"ఇదేమిటే, అంతా ఎర్రగా ఉంది? వడియాలేవి?"

ఆదివారం పూజలో బుల్లమ్మ మొదటి బొట్టు రాయికి కాదు, ఫోనుకి పెట్టింది, సరిగ్గా కెమెరా కంటి మీద.