మోటారు ఇంటర్వ్యూ

ఆ ఉదయం ఇంట్లో కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదింటికి అమ్మాయికి కంప్యూటర్‌లో ఇంటర్వ్యూ. ఇంజనీరింగ్ పరిశోధనకు ఉన్నది ఒక్కటే సీటు, దానికి వందలమంది పోటీ. పోయినేడు ఇదే సీటు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారీ పోతే దొరికిన ఉద్యోగమేదో చేసుకుంటానని ఆమె ముందే చెప్పేసింది. తల్లి కుక్కర్ పెట్టనని మాటిచ్చింది. అక్కడితో ఆగివుంటే ఏ గొడవా లేదు.

తండ్రి రికార్డింగ్ స్టూడియోలో పనిచేసి రిటైరైన మనిషి. రికార్డింగ్ మొదలైందని ఎర్రదీపం వెలిగితే ఊపిరి కూడా అడిగి పీల్చమనే రకం. కూతురి చదువేమో యంత్రాల చప్పుడు. ఆ చప్పుడు విని, ఏ భాగం ఎప్పుడు చెడిపోతుందో చెప్పడం ఆమె విద్య. ఏడాదిగా కింద నీళ్ళ మోటారు దగ్గర మైకు పెట్టి వింటోంది. చప్పుడు మాన్పించడానికే అమ్మాయి ఇంత చదువుతోందని ఆ పెద్దమనిషి నమ్మకం. ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు.

తలుపు మీద ఎర్రబల్బు వేలాడదీశాడు. ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్ ఆపాడు. అయినా కాళ్ళ కింద గుయ్‌మని సన్నటి రొద. కిందికి దిగి మోటారు ఆపి, ఆ గదికి తాళం వేసి వచ్చి గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. అది ట్యాంకు లేని భవనం. రాత్రింబగళ్ళు తిరిగే ఆ మోటారు ఆగితే కొళాయిలు ఆగినట్టే.

కాసేపటికి పైఅంతస్తు ప్లీడరు మొహం నిండా సబ్బుతో దిగాడు. "ఏమండీ, నీళ్ళు..."

"ష్! అమ్మాయి ఇంటర్వ్యూ!"

ప్లీడరు బల్బు చూసి గొంతు తగ్గించాడు. "కళ్ళు మండిపోతున్నాయండీ బాబూ!"

ఆయన వెనక తలకు రంగు పూసుకున్న నర్సు, ఆవిడ వెనక మిగతా జనం. మెట్లన్నీ నిండిపోయాయి. "మీకసలు బుద్ధుందా?" అని నర్సు చెవిలో రహస్యం చెప్పినట్టు తిట్టింది. మిగతావాళ్ళూ గుసగుసగానే అందుకున్నారు.

లోపల కంప్యూటర్ తెరమీద ప్రొఫెసరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "మీ మోటారు బేరింగు ఇంకో నెల పనిచేస్తుందని రాశారు. ఏదీ, వినిపించండి."

అమ్మాయి మైకు కలిపింది. చప్పుడు లేదు. మళ్ళీ కలిపింది. లేదు. పరుగున వచ్చి తలుపు తీసింది.

"నాన్నా, మోటారేమైంది?"

"ఆపేశానమ్మా. నువ్వు హాయిగా మాట్లాడుకో."

"వాళ్ళు వింటామన్నదే దాన్ని నాన్నా!"

ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పడుతూ లేస్తూ మెట్లు దిగాడు. "నా చేతులారా పిల్ల నోట్లో మట్టి కొట్టానండీ," అంటూ తాళం తీయబోతే చెవి కన్నంలో దూరలేదు. చివరికి ప్లీడరే లాక్కుని తీసి, స్విచ్చి వేశాడు.

అమ్మాయి మళ్ళీ కంప్యూటర్ ముందు చేరింది. మైకులో మోటారు మూలిగింది, కరకరలాడింది, ఠప్పుమని ఆగిపోయింది. ఇక ఎన్నిసార్లు స్విచ్చి నొక్కినా కదల్లేదు.

"నెల అన్నారు. నిమిషం కూడా లేదే!" అంది ప్రొఫెసరమ్మ.

కరెంటు పోయిందనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఏడాదిపాటు ఒక యంత్రం చెప్పేది శ్రద్ధగా విని, ఇప్పుడు దాని గురించి అబద్ధం చెప్పడానికి అమ్మాయికి మనసొప్పలేదు.

"నా లెక్క తప్పు మేడమ్. తిరుగుతున్న మోటారునే విన్నాను. ఆగిపోయినది మళ్ళీ లేవడానికి ఎంత అవస్థ పడుతుందో ఒక్కసారీ వినలేదు."

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "ఇప్పటిదాకా అందరూ తమకు తెలిసిందే చెప్పారు. తెలియనిది చెప్పింది మీరొక్కరే. వచ్చేయండి, అక్కణ్ణుంచే మొదలుపెడదాం."

అమ్మాయి బయటికొచ్చేసరికి తండ్రి మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. "పోయిందా అమ్మా?"

"మోటారు పోయింది నాన్నా. సీటొచ్చింది!"

"సీటొచ్చిందండీ!" అని ఆయన భవనం అదిరేలా కేకపెట్టాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కేకపెట్టాడు. మెట్ల మీద అందరూ చప్పట్లు కొట్టారు.

సబ్బు ఎండిపోయిన ప్లీడరు మాత్రం ఇంకా గుసగుసగానే, "మరి నీళ్ళు?" అన్నాడు.