కీచుమంటేనే కమిషనరు

మా ఫిర్యాదుల పరిష్కార కార్యాలయంలో పనులు సక్రమంగా సాగుతున్నాయని ప్రజలకు సగర్వంగా తెలియజేస్తున్నాము. కమిషనరుగారి కారు గేటు దగ్గర మలుపు తిరిగింది మొదలు, ఆయన తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేంతవరకు అవి సాగుతాయి.

ఆ కారుకొక సుగుణం ఉంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే చాలు, ఇంజను బెల్టు వీధి చివరిదాకా వినబడేలా కీచుమంటుంది. అది వినగానే మా హాల్లో పత్రికలు మడతపడతాయి, టీ గ్లాసులు బల్లకిందికి దిగుతాయి, నిద్రలో ఉన్నవాళ్లు కళ్లు తెరవకుండానే ఫైలు తెరుస్తారు. కమిషనరుగారు అడుగుపెట్టేసరికి చీమ చిటుక్కుమన్నా వినబడేంత శ్రద్ధ. "నా సిబ్బంది దేవుళ్లు" అని ఆయన ప్రతి సభలోనూ చెబుతారు. నిజమే, ఎంత మొక్కినా పలకరు.

హాల్లో గోడవార బల్లమీద మిషనక్క కూర్చుని ఉండేది. కుట్టుమిషను మీద బతికే మనిషి గనుక మేమంతా ఆ పేరుతోనే పిలిచేవాళ్లం. ఆమె ఇల్లు కూలిపోయిందని రికార్డులో పడింది. లేని ఇంటికి నీళ్లెందుకని కుళాయి పీకేశారు. తన ఇల్లు ఉందని, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన అత్త అందులోనే గొంతెండి ఉన్నారని ఆమె ఫిర్యాదు. మా గుమాస్తా అన్యాయం చేసే రకం కాడు. రోజూ కీచు వినబడగానే ఆమె ఫైలు లాగి, కొత్త కాగితం మీద "విచారించగా సదరు ఇల్లు" అని రాసేవాడు. అంతలో కమిషనరుగారి గది తలుపు పడేది, కలం ఆగేది. మన భాషలో అసలు సంగతి వాక్యం చివర గాని రాదు కదా, ఆ ఇల్లు ఉన్నదో లేదో తేలేది కాదు.

ఇలా అంతా సవ్యంగా జరుగుతుండగా ఒక సంతాపసభ వచ్చిపడింది. అందరూ లేచి మౌనం పాటిస్తున్న సమయంలో కమిషనరుగారి కారు మలుపు తిరిగింది. పోయినాయన భార్య ఏడుపు ఆపి, "నాకంటే ఎక్కువ ఏడుస్తున్నది ఎవరే?" అని చెల్లెలి దగ్గర ఆరా తీసింది. కమిషనరుగారికి తల కొట్టేసినట్టయింది.

కారు బాగుచేయిస్తారన్న వార్తకు మా గుండెలు గుభేలుమన్నాయి. మెకానిక్కుకు డబ్బు దండగని చెప్పి హెడ్‌గుమాస్తా తన తలనూనె సీసా తెచ్చి బెల్టుకు స్వహస్తాలతో పట్టించాడు. బెల్టు మరింత జారి, కీచు కాస్తా కేక అయింది. మేం ఊపిరి పీల్చుకున్నాం. అయినా కమిషనరుగారు మెకానిక్కును పిలిపించారు. హెడ్‌గుమాస్తా బానెట్టుకు అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా! ఈ ధ్వని మన కార్యాలయ వారసత్వం! దీన్ని విని ఎందరో మేల్కొన్నారు! దీన్ని నిర్మూలించే ముందు భావితరాల గురించి ఆలోచించండి!"

మెకానిక్కు కూడా తక్కువ తినలేదు. పెద్ద డాక్టరులా అందరినీ దూరం జరగమని, ఇంజను నడుస్తుండగా బెల్టుమీద నీళ్లు చిలకరించాడు. కీచు రెట్టింపయింది.

"నీళ్లు పడి గొంతు తగ్గితే బెల్టు అరిగినట్టు, పెరిగితే వదులైనట్టు. ఇది వదులైంది సార్! బిగించి పట్టుకోవాల్సిన చక్రం పట్టు వదిలేసింది. పైగా ఎవరో మహానుభావుడు దీనికి తలంటు పోశాడు. రెండూ మార్చాల్సిందే!"

మార్చాడు. కారు నోరు మూసుకుంది.

మర్నాడు కమిషనరుగారు గుట్టుచప్పుడు కాకుండా హాల్లోకి వచ్చారు. ఒకరు పత్రిక చదువుతున్నారు, ఇద్దరు అదే పత్రికను వెనకనుంచి చదువుతున్నారు. హెడ్‌గుమాస్తా కళ్లు మూసుకుని భావితరాల గురించి ఆలోచిస్తున్నాడు. కమిషనరుగారు దగ్గారు. ఎవరూ తలెత్తలేదు.

"కూర్చోండి అన్నయ్యా," అంటూ, ఇన్నాళ్లూ గుమాస్తా కలాన్నే తప్ప కమిషనరు మొహం చూడని మిషనక్క పక్కకి జరిగింది. "కమిషనరు కారు కీచుమంటే గాని ఇక్కడ కలం కదలదు. ఇవాళేంటో ఇంకా తగలడలేదు."

"నేనేనమ్మా కమిషనర్ని."

ఆమె జాలిగా చూసింది. "రికార్డులో ఉన్నారో లేదో చూసుకోండి అన్నయ్యా. మా ఇల్లు ఉందనే నేనూ అనుకున్నా."

ఆయన గుమాస్తా దగ్గరికి వెళ్లి తానెవరో చెప్పుకున్నారు. అతను తలెత్తకుండానే, "రుజువు పట్టుకురండి" అన్నాడు.

అప్పుడా మహామనిషికి జ్ఞానోదయమైంది. హాలు మధ్యన నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి, "కీఁ... చ్!" అన్నారు.

హాలంతా ఉలిక్కిపడి ఉద్యోగంలో చేరింది. గుమాస్తా మిషనక్క ఫైలు లాగి "విచారించగా సదరు ఇల్లు" దాకా వచ్చాడు. కమిషనరుగారు ఊపిరి కోసం ఆగారు, కలమూ ఆగింది.

"ఆపకండి అన్నయ్యా, మీకు పుణ్యముంటుంది! ఇంకొక్క మాటే!" అని మిషనక్క అరిచింది.

ఆయన మొహం కందిపోయేలా మళ్లీ కీచుమన్నారు. "ఉన్నది" అని పడింది, దానిమీద ముద్ర పడింది. ఆ సాయంత్రమే కుళాయి బిగించారు. పిల్లలు తలలు తడుపుకుని గంతులేశారని, అత్త చెంబెడు నీళ్లు గటగటా తాగి లేచి కూర్చుందని విని నాకు పట్టరాని ఆనందం కలిగింది.

ఇప్పుడు కమిషనరుగారు రోజూ గేటు దగ్గర దిగి, కీచుమంటూ నడిచి వస్తున్నారు. గొంతు బొంగురుపోయిన రోజుల్లో ఆ బాధ్యతను డ్రైవరు నిర్వర్తించాలని ఉత్తర్వు కూడా వెలువడింది.

ఆఫీసులో కూర్చుని ఇది చదువుతూ మమ్మల్ని చూసి నవ్వుతున్నారా? నిదానంగా నవ్వండి, తొందరేం లేదు. మీ పై అధికారి బండి చప్పుడు ఎలా ఉంటుందో నాకైతే తెలియదు. మీకు తెలుసుగా.